సబ్బుకు ఓపిక, సినిమాకు తొందర

మనలో ఈ మధ్య ఒక విచిత్రమైన ఓపిక పుట్టుకొచ్చింది. చేతితో చేసినదనీ, రసాయనాలు లేనిదనీ చెప్పి అమ్మే షాంపూ సబ్బు ఒకటి కొని తలకు రుద్దుకుంటాం. జుట్టు జిగటగా, గరుకుగా, కొబ్బరి పీచులా తయారవుతుంది. అయినా ఊరుకుంటాం. "మొదట్లో అలాగే ఉంటుంది, ఆరు వారాలు ఆగండి, మీ జుట్టులో ఇన్నేళ్ళుగా పేరుకున్న విషాలు బయటికి పోతున్నాయి" అంటారు అమ్మేవారు. ఆగుతాం. ఇంత ఓర్పు గల మనమే, ఒక సినిమాలో ఒక స్త్రీ మాటాపలుకూ లేకుండా రెండు నిమిషాలు కిటికీ దగ్గర నిలబడితే సహించలేం. రిమోట్ కోసం చెయ్యి తడుముకుంటుంది. "ఇదేదో అవార్డు సినిమాలా ఉందే" అని ఒక్క మాటతో తీర్పు చెప్పి లేచిపోతాం.

ఈ రెండు ఓపికలూ తారుమారయ్యాయన్నది నా వాదం. సబ్బు ఒక సరుకు. డబ్బిచ్చి కొన్నాక అది నా తలకు తగినట్టు పనిచేయాలి, చేయకపోతే సంజాయిషీ అడిగే హక్కు నాకుంది. సినిమా, అది కళ అయిన పక్షంలో, నా తీరికను కొంత కోరుతుంది. ఆ మేరకు దానికి ఇవ్వవలసినది నేను. మనం సరిగ్గా దీనికి విరుద్ధంగా నడుస్తున్నాం. సబ్బు ముందు శిష్యులమై కూర్చుంటున్నాం, సినిమా ముందు యజమానులమై నిలబడుతున్నాం. ఈ తారుమారు దానంతట అది జరిగింది కాదు. దీని వెనుక వ్యాపారముంది, కొంత మన వంటి సాహిత్యాభిమానుల పాత్ర కూడా ఉంది.

ముందు జుట్టు సంగతి. నాది రింగుల జుట్టు కనుక ఈ బాధ నాకు పుస్తకాల్లో చదివి తెలుసుకోనవసరం లేదు. అయినా అనుభవం ఒక్కటే వాదానికి చాలదు, పని తీరు కూడా చెప్పాలి. వెంట్రుక పైభాగాన, ఇంటి కప్పు మీది కూనపెంకుల్లా, ఒకదానిపై ఒకటి పరచుకున్న సన్నని పొలుసుల పొర ఉంటుంది. మాడులో ఊరే జిడ్డు ఆ పొరకు కాపుదల. తిన్నని జుట్టులో ఆ జిడ్డు కొసదాకా సులువుగా జారుతుంది. రింగుల జుట్టులో ప్రతి వంపు దగ్గరా ఆగిపోతుంది. అందుకే మా వంటివారికి మాడు జిడ్డోడుతూ ఉంటుంది, కొసలు మాత్రం ఎండుగడ్డిలా ఉంటాయి. క్షారగుణం గల ద్రవం తగిలితే ఆ పొలుసులు లేస్తాయి. లేచిన పొలుసులు పక్క వెంట్రుకల పొలుసులను పట్టుకుంటాయి. చిక్కు పడడమంటే అదే. తిన్నని జుట్టు వారు దువ్వెనతో నాలుగు దువ్వులు దువ్వి బయటపడే ఆ చిక్కు మాకు ఒక పూట పని.

షాంపూ సబ్బు పేరిట అంగట్లో రెండు వేరు వేరు వస్తువులున్నాయి. ఒకటి అచ్చమైన సబ్బు. కొబ్బరి నూనెకో, ఆముదానికో, ఆలివ్ నూనెకో కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్, కలిపితే జరిగే చర్యలో సబ్బూ గ్లిజరినూ పుడతాయి. సరిగ్గా చేసిన సబ్బులో సోడా మిగలదు, నిజమే. కాని రసాయన చర్యతోనే పుట్టిన వస్తువు మీద "రసాయనాలు లేవు" అని అచ్చు వేయడానికి గుండె ధైర్యం కావాలి. ఈ సబ్బు నురుగు పీహెచ్ 9, 10 ప్రాంతంలో ఉంటుంది. మన మాడు చర్మానిది సుమారు 5.5, వెంట్రుకది అంతకన్నా తక్కువ. రెండవ వస్తువు సబ్బు కానే కాదు. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ వంటి పేరు గల శుద్ధి పదార్థాలను అదిమి బిళ్ళగా చేసినది. దాని పీహెచ్‌ను జుట్టుకు తగినట్టు సర్దవచ్చు. చూశారా తమాషా? పేరు వింటేనే ప్రయోగశాల గుర్తొచ్చే ఈ రెండవదే రింగుల జుట్టును తక్కువ బాధిస్తుంది. అమ్మమ్మల కాలం నాటిదనిపించే మొదటిది ఎక్కువ బాధిస్తుంది. కాని అంగడిలో రెండింటికీ ఒకటే పేరు, ఒకటే గోధుమరంగు కాగితం, ఒకటే ఆకు బొమ్మ.

దీనికి తోడు మన నీరు. బోరు నీటితో బతికే ఊళ్ళలో గీజరు లోపలా, బకెట్టు అంచునా తెల్లని పెచ్చు కట్టడం చూడని వారెవరు? ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు అచ్చమైన సబ్బుతో కలిస్తే నీటిలో కరగని జిడ్డుతెట్టు ఏర్పడుతుంది. బకెట్టుకు పట్టే ఆ తెట్టే జుట్టుకూ పడుతుంది. ఎండిన వంపుల్లో చేరి కూర్చుంటుంది. మెత్తని నీరున్న ఊళ్ళో, తిన్నని జుట్టు గలవారికి అదే సబ్బు చక్కగా పనిచేయవచ్చు. వారి మాట అబద్ధమని నేననడం లేదు. వారి తలకు నప్పినది అందరి తలలకూ వేదమని ప్రచారం చేయడం మీదే నా అభ్యంతరం.

ఇక ఆ "విషాలు బయటికి పోవడం" అనే సిద్ధాంతం. మాడు దాటి బయటికొచ్చిన వెంట్రుక ప్రాణం లేని కెరటిన్. అది దేనికీ అలవాటు పడదు, ఏ విషాన్నీ కక్కదు. ఆరు వారాల్లో అలవాటు పడేవాళ్ళం మనమే. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నడుము దాకా ఉన్న జడ కొస వయసు నాలుగైదేళ్ళ పైమాటే. ఆ ఆరు వారాల్లో దెబ్బతిన్న భాగం మళ్ళీ చిగురించదు, కత్తిరించేదాకా మనతోనే ఉంటుంది. తలస్నానం చివర నిమ్మరసమో వెనిగరో కలిపిన నీళ్ళు పోసుకొమ్మని సలహా ఇస్తారు చూడండి, అది ఒక ఒప్పుకోలు. మా సరుకు క్షారమని, దాన్ని విరిచే ఆమ్లం మీరే తెచ్చుకొమ్మని మర్యాదగా చెప్పడం.

దీనివల్ల జరిగే హాని జుట్టుతో ఆగితే ఈ టపా రాసేదాన్ని కాదు. మా చుట్టాలమ్మాయి ఒకతె, ఇంజనీరింగు చదువుతున్నది, నెలన్నర ఇలాంటి సబ్బు వాడింది. పేరెందుకు, చాలామంది అమ్మే సరుకే. జడ విప్పితే మళ్ళీ అల్లుకోలేని స్థితి వచ్చింది. అమ్మినవారికి రాస్తే వచ్చిన జవాబు ఏమిటంటే, ఆమె సరిగ్గా కడుక్కోవడం లేదని, ఇంకా ఓపిక పట్టాలని. ఆ పిల్ల నాతో అన్న మాట మరచిపోలేను. "అందరికీ పనిచేసింది నాకే పనిచేయలేదంటే నా జుట్టే పాపిష్టిది పిన్నీ." చిన్నప్పటినుంచి ఆ మాట ఆమె వింటూనే ఉంది. బడిలో నూనె ఓడేలా రాసి రెండు జడలు బిగించకపోతే పిచ్చిదానిలా ఉన్నావన్నారు. పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసేటప్పుడు కాస్త నీళ్ళతో అణచుకోమన్నారు. ఇప్పుడు "సహజం" పేరు చెప్పుకున్న సరుకు కూడా అదే మాట అన్నది. మరుసటి నెల ఆమె జుట్టు తిన్నగా చేయించుకుంది.

జుట్టుకు ఇస్త్రీ చేసే వ్యాపారం గురించి వేరే చెప్పాలా? కెరటిన్ చికిత్స అనే ముద్దుపేరుతో వాడే కొన్ని మిశ్రమాల నుండి ఫార్మాల్డిహైడ్ వెలువడుతున్నదని 2011లోనే అమెరికా కార్మిక భద్రతా సంస్థ సెలూన్లను హెచ్చరించింది. తెర మీద సంగతీ తెలిసిందే. కథానాయిక జుట్టు పలకలా తిన్నగా జారాలి, ఒత్తుగా రింగులు తిరిగితే హాస్యపాత్రకో, గయ్యాళికో ఇవ్వాలి అనే అలిఖిత శాసనం ఏళ్ళ తరబడి నడిచింది. 2015లో మలయాళ 'ప్రేమమ్'లో మేరీ పాత్ర చేసిన అనుపమా పరమేశ్వరన్ జుట్టు చూసి దక్షిణాది మురిసిపోయిందంటే, అంతదాకా మనం అలాంటి జుట్టును తెర మీద ఎంత అరుదుగా చూశామో అర్థమవుతుంది. ఈ ఇస్త్రీ వ్యాపారికీ, ఆ ఆకుబొమ్మ వ్యాపారికీ పైకి బద్ధవైరం. నా కంటికి మాత్రం ఒకరు పంపిన గిరాకీని మరొకరు అందుకుంటున్నారు.

"అందుకే మన కుంకుడుకాయకు మించినది లేదు" అని కొందరు మిత్రులు ఈ పాటికి అనేసి ఉంటారు. తొందరపడకండి. కుంకుడులో నురుగునిచ్చేవి సపోనిన్లు. ఆ రసం సబ్బులా క్షారం కాదు, కొంచెం ఆమ్లం వైపే ఉంటుంది. ఉప్పునీటిలో సబ్బులాగా తెట్టు కట్టదు. ఈ గుణాలు నిజం కనుకనే నేనూ దాన్ని మెచ్చుతాను. కాని అదీ జుట్టును ఎండగడుతుంది, కంట్లో పడితే నోట్లో ఉప్పుకల్లు వేసుకుని అరిచిన బాల్యం మనందరిదీ. పైగా ఆ రసం దానంతట అది గిన్నెలోకి రాదు. తెల్లవారుజామున లేచి కాయలు కొట్టి, గింజలు తీసి, వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి, వడగట్టి, ఇంటిల్లిపాదికీ తలంటిన ఆడవాళ్ళ చేతులను తుడిచేసి "ఆహా, ప్రకృతి" అనడం కూడా ఒక రకం ప్రచారమే. కుంకుడును మెచ్చుకునేటప్పుడు కొట్టినవారెవరో కూడా చెప్పండి.

ఇప్పుడు మాటల దొంగతనం గురించి. షాంపూ అన్న మాట మన దేశపు "చాంపో", అంటే ఒత్తు, మర్దించు, అన్న మాట నుండి వెళ్ళినదే. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ 19వ శతాబ్ది తొలినాళ్ళలో ఇంగ్లండులోని బ్రైటన్‌లో స్నానశాల పెట్టి దొరలకు చేసిన ఆ మర్దనలో తల రుద్దే సబ్బు ప్రసక్తే లేదు. మాటలు ఇలా చేతులు మారడం సహజమే. కాని ఈనాటి సబ్బు ఎవరి మాటలు ఎత్తుకుపోయిందో చూడండి. చేతిపని, పరిమితంగా చేసినది, ప్రతి బిళ్ళా ప్రత్యేకం, తయారుచేసినవారు కళాకారులు, ఆస్వాదించడానికి సమయం పడుతుంది. ఇవన్నీ మనం చిత్రానికీ, శిల్పానికీ, కవిత్వానికీ వాడవలసిన మాటలు. సబ్బును ప్రశ్నించకుండా ఉండడానికి దానికి కళ అనే కవచం తొడిగారు. 2024 అక్టోబరులో మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ "సహజం", "సేంద్రియం", "స్వచ్ఛం" వంటి మాటలకు తగిన వివరణా ఆధారమూ చూపాలంటూ మార్గదర్శకాలు విడుదల చేసింది. "కళ" అనే మాటకు ఆధారం అడిగే కార్యాలయం ఏదీ లేదు. ఆ పని మనదే.

అటు కళ మాటలు సబ్బుకు పోతే, సబ్బు మాటలు సినిమాకు వచ్చి చేరాయి. ఈ నేరం మాత్రం వ్యాపారులది కాదు, సినిమా భక్తులమని చెప్పుకునే మనది. "ఈ సినిమా చూస్తే మనసు శుభ్రపడుతుంది. మొదట్లో విసుగ్గానే ఉంటుంది, అలవాటు చేసుకో. మసాలా సినిమాల విషం ఒంట్లోంచి పోవాలి కదా." ఎక్కడో విన్నట్టు లేదూ? నేను పైన చెప్పిన అమ్మాయే కళాశాల చిత్రప్రదర్శన ఒకదానికి వెళ్ళి, చూసిన తరువాత చర్చలో తనకు విసుగనిపించిందని ఉన్నమాట చెప్పింది. నవ్వారట. ఎందుకు విసుగనిపించిందని ఒక్కరూ అడగలేదట. "నా బుర్రకు ఎక్కవు పిన్నీ అవి" అన్నది నాతో. సబ్బు జుట్టును నిందించింది, వీరు బుర్రను నిందించారు. పద్ధతి ఒక్కటే.

2011లో డాన్ కోయిస్ అనే అమెరికన్ విమర్శకుడు న్యూయార్క్ టైమ్స్ పత్రిక అనుబంధంలో, నెమ్మదైన సినిమాలు చూడడాన్ని ఒంటికి మంచిదని కాయగూరలు తినడంతో పోల్చి ఒక వ్యాసం రాశాడు. పెద్ద దుమారం రేగింది, అదే పత్రిక విమర్శకులు మనోలా డార్గిస్, ఏ.ఓ. స్కాట్ జవాబులు రాశారు. కోయిస్ మీద కోపగించుకోవడం తేలిక. కాని ఆ పోలికకు చోటిచ్చింది, సినిమాను పథ్యంలా వడ్డించిన భక్తులే కారా?

నెమ్మదితనానికి సంజాయిషీ చెప్పగల సినిమాలున్నాయి. షాంతాల్ ఆకెర్మాన్ 1975లో తీసిన 'జాన్ డీల్‌మాన్' 201 నిమిషాలు. బ్రసెల్స్‌లో ఒక వితంతువు మూడు రోజుల ఇంటిపని. బంగాళాదుంపలు చెక్కు తీయడం, గిన్నెలు కడగడం, మంచం సర్దడం. 2022లో సైట్ అండ్ సౌండ్ పత్రిక జరిపిన విమర్శకుల ఎన్నికలో అన్ని కాలాల చిత్రాలలో ఇది మొదటి స్థానం పొందినప్పుడు ఎందరో వెటకారం చేశారు. కాని ఆ నిడివిలో లెక్క ఉంది. మొదటి రోజు ఆమె పనుల వరుసను మనం పూర్తిగా చూస్తాం. అందువల్ల రెండవ రోజు బంగాళాదుంపలు ఎక్కువ ఉడికిపోయాయన్న చిన్న సంగతి మనకు గుబులు పుట్టిస్తుంది. మొదటి రోజును కత్తిరించి పది నిమిషాలు చేస్తే రెండవ రోజు వట్టి వంట తప్పిదమే అవుతుంది. పొద్దున కుంకుళ్ళు కొట్టిన చేతుల గురించి ఇందాక అన్నాను కదా, ఆ చేతులను కత్తిరించకుండా చూపితే సినిమా ఇలాగే ఉంటుంది.

మన బి. నరసింగరావు 1988లో తీసిన 'దాసి'నే తీసుకోండి. తెలంగాణలో దొర గడిలో కమలాక్షి అనే దాసి బతుకు. అయిదు జాతీయ పురస్కారాలు వచ్చాయి, అర్చనకు ఉత్తమ నటి పురస్కారంతో సహా. ఆ గడి గోడల మధ్య మౌనం, ఆ చాకిరీ, ఆ నిదానం అలంకారాలు కావు. తన కాలం తనది కాని మనిషి కాలం తెర మీద వేగంగా ఎలా గడుస్తుంది? ఇక ఆన్యెస్ వార్దా 1962లో తీసిన 'క్లియో ఫ్రమ్ ఫైవ్ టు సెవెన్' గంటన్నర సినిమా. వైద్య పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసే ఒక గాయని కథ. సగం దాకా అందరూ ఆమెను చూస్తారు, ఆమె కూడా అద్దాల్లో తనను తాను చూసుకుంటుంది. నడుమ ఒకచోట తల మీది విగ్గు పీకి పారేసి, నల్ల గౌను తొడుక్కుని వీధిలోకి నడుస్తుంది. అక్కడినుంచి చూడడం ఆమె వంతు. జుట్టు ఎవరి చూపు కోసమన్న ప్రశ్న మీద, నాకు తెలిసినంతలో, ఇంతకన్నా సూటిగా మాట్లాడిన సినిమా తక్కువ. మా అమ్మాయికి మొదట చూపవలసినది దీన్నే. శుభ్రపడుతుందని చెప్పి కాదు, ఆమె సంగతే అందులో ఉంది కనుక.

నెమ్మదిగా ఉన్నవన్నీ గొప్పవా? ముమ్మాటికీ కాదు. కెమెరాను కదపకపోవడమే గంభీరత అనుకుని తీసినవి, ఉత్సవాల కోసమే కొలతలు చూసి కుట్టినవి కొల్లలుగా ఉన్నాయి. వాటిని విసుగు అనడానికి జంకనవసరం లేదు. ఆ నిదానం దేనికని అడిగితే సినిమాలోంచే జవాబు రావాలి. రాకపోతే లోపం దానిదే. కాని పదో నిమిషంలో లేచిపోయినవారికి ఆ ప్రశ్న అడిగే అవకాశమే ఉండదు.

పొద్దంతా పనిచేసి వచ్చినవారికి మూడు గంటల మౌనం ఎక్కడ ఓర్చుకునే తీరిక అని ఒక ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్న. అలసిన మనిషి పాటలూ ఫైట్లూ చూసి నవ్వుకుని నిద్రపోతే నాకే అభ్యంతరమూ లేదు, నేనూ చూస్తాను. నా గొడవంతా తీరిక ఉన్నవారితోనే. అయిదు వందలు పెట్టి సబ్బు కొని, దాని గురించి రెండు గంటలు వీడియోలు చూసి, ఆరు వారాలు తెట్టు కట్టిన తలతో తిరిగే తీరిక ఉన్నవారు "నాకు అంత ఓపిక లేదండీ" అంటే ఎలా నమ్మడం? ఓపిక ఉంది. తప్పు చోట ఖర్చవుతున్నది.

కనుక మిత్రులారా, తల రుద్దుకునే ముందు కాగితం వెనుక ఏమేమి కలిపారో చదవండి. చివరలో పుల్లనీళ్ళు పోసుకోమన్నారా, మీ ఊరి నీరెలాంటిది అని అడగండి. మూడు తలంట్లలో జుట్టు మొరాయిస్తే ఆ బిళ్ళతో బట్టలు ఉతుక్కోండి, పనికొస్తుంది. సినిమాను మాత్రం మంచిదని ఎవరికీ తాగించకండి. అందులో ఏముందో చెప్పి పక్కన కూర్చోండి. చూసిన తరువాత పిల్లలు విసుగన్నారంటే నవ్వకుండా, ఎక్కడ విసుగనిపించిందో అడగండి. ఆ అమ్మాయి వేసవి సెలవులకు మా ఇంటికి వస్తానన్నది. మాడు దగ్గర అప్పుడే రెండంగుళాల మేర కొత్త జుట్టు రింగులు తిరుగుతున్నదట. దాన్ని మళ్ళీ తిన్నగా చేయించుకోవాలా వద్దా అని అడిగింది. ఆ నిర్ణయం ఆమెదే. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ఏది చేసినా, నీ జుట్టు పాపిష్టిదని మాత్రం అనుకుని చేయకు.